దిల్‌సుఖ్‌నగర్ పొయ్యి మీద ఇప్పపువ్వు లడ్డూ

గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చి మా మేడమీద గదిలో ఉంటున్న గోండు కుర్రాడు ఉగాది వెళ్లాక ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు నుంచి ఓ సంచీ తెచ్చాడు. జేబీఎస్‌లో బస్సు దిగి, ఎంజీబీఎస్‌లో మెట్రో మారి ఎల్బీనగర్ రైలెక్కితే పెట్టెలో అందరూ ఆ సంచీకేసే చూశారట. ఎండిన ఇప్పపువ్వు వాసన అలాంటిది, అటు కిస్‌మిస్ కాదు, ఇటు కల్లూ కాదు.

ముందు బాగుచెయ్యాలి. పువ్వు తెల్లవారుజామున దానంతటదే రాలుతుంది, నేలమీద ఏరుకొస్తారు. ఇసుకా ఆకుముక్కా తప్పవు. చాటలో చెరిగి, ఒక్కో పువ్వునూ వేళ్లతో నలిపి లోపలి కేసరాలు దులిపెయ్యాలి. ఉంటే గొంతులో గరగర. పావుకిలోకి నాకు గంట పట్టింది.

తర్వాత కడగడం. గిన్నెలో నీళ్లు పోసి పక్కన పెట్టబోయాను.

"నానబెట్టకుండ్రి ఆంటీ! నానితే పులుస్తది. పులిసినంక అది లడ్డు కాదు, సారా."

సగానికి పైగా చక్కెరే ఉన్న పువ్వు మరి. ముంచి తీసి గుడ్డమీద ఆరబోశాను.

పువ్వు సారా అవుతుందా, లడ్డూ అవుతుందా? ఉట్నూరు కథంతా ఆ గిన్నె దగ్గరే ఉంది. గోండుల పూజల్లో ఇప్పసారా ధారపోస్తారు. మానెయ్యండి అంటే చెల్లదు. 1892లో బొంబాయి ప్రభుత్వం మౌరా (ఇప్ప) చట్టంతో పువ్వు ఏరడాన్నే కట్టడి చేసింది. అయినా దొంగసారా పోలేదు. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం పువ్వును ఇంట్లోంచి తరిమెయ్యలేదు, లడ్డూ చేసింది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అండగా నిలిచింది. రక్తహీనత తగ్గాలని గిరిజన హాస్టళ్ల పిల్లలకు ఆ లడ్డూలే పెడుతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన వన్‌ధన్ పథకమైతే ఇరవైమంది చొప్పున పదిహేను సంఘాలను కలిపి ఏర్పరిచే ఒక్కో వన్‌ధన్ కేంద్రానికి 15 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. నన్నడిగితే అలా మిషన్ కొనుక్కోవడానికిచ్చే డబ్బు కన్నా హాస్టల్ ఆర్డరే పెద్ద నిధి. మిషన్ ఒకసారి వస్తుంది, ఆర్డర్ నెలనెలా రావాలి. ఆర్డర్ ఆగిన నెల పువ్వు ఎటు పోతుందో ఎవరైనా చెప్పగలరు.

ఆరిన పువ్వును సన్నసెగ మీద వేయించాలి. చేతికి మెత్తగా తగిలే పువ్వు గలగలమనేదాకా. పెద్దమంట పెడితే అందులో చక్కెర మాడి చేదెక్కుతుంది. నా మొదటి వాయి అలాగే పోయింది. పావుకిలో పల్లీలు, గుప్పెడు నువ్వులు విడిగా వేయించుకోవాలి.

బెల్లం పావుకిలో తెచ్చాను, పచ్చగా ఉన్నది. నల్లబెల్లం అడిగారో, కొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. దాంతో కాచే గుడుంబా సారా పుణ్యం.

అన్నీ కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. పల్లీల నూనె ఊరుతుంది, నెయ్యి అక్కర్లేదు. గోరువెచ్చగా ఉండగానే ఉండలు చుట్టెయ్యాలి, చల్లారితే విరుగుతాయి.

కుర్రాడు ఒకటి నోట్లో వేసుకుని కాసేపు మాట్లాడలేదు.

"మంచిగున్నది ఆంటీ. కానీ బెల్లం గింత ఎందుకేసిండ్రు? పువ్వే తీపి గదా."