రేసు రంగులకు పేర్లు పెట్టిందెవరు?

ప్రశ్న: పాత జాగ్వార్‌ల ముదురు ఆకుపచ్చని 'బ్రిటిష్ రేసింగ్ గ్రీన్' అంటారు, ఫెరారీల ఎరుపుని 'రోసో కోర్సా' అంటారు. ఇవి కంపెనీలు పెట్టిన పేర్లేనా అండీ?

జవాబు: కాదండీ, వాటి మూలం పందేల్లో ఉంది. 1900లో మొదలైన గోర్డన్ బెనెట్ కప్పులో కార్లు దేశాల తరఫున పోటీపడేవి. ఫ్రాన్సుకి నీలం, జర్మనీకి తెలుపు. 1902లో సెల్విన్ ఎడ్జ్ బ్రిటిష్ కారు నేపియర్‌లో గెలవడంతో మరుసటేడు పందెం జరిపే వంతు బ్రిటన్‌కి వచ్చింది. అక్కడి రోడ్ల మీద రేసులకు అప్పటి చట్టం ఒప్పుకోలేదు కాబట్టి ఐర్లండ్‌లో జరిపారు. ఆ దేశం మీది గౌరవంతోనే బ్రిటిష్ కార్లకు ఆకుపచ్చ వేశారని చెబుతారు. అది ఏనాడూ ఒకే ఛాయ కాదు. అందుకే పాత కారుకి రంగు వేయించేటప్పుడు పేరొక్కటే చెప్పకండి, ఆ మోడల్ పెయింట్ కోడ్ కూడా ఇవ్వండి.

రోసో కోర్సా అంటే రేసు ఎరుపు, ఇటలీ జాతీయ రంగు. ఫెరారీ పుట్టకముందే ఆల్ఫా రోమియోలు ఆ రంగులో పరుగెత్తాయి. నాకు మరీ ఇష్టమైన ముచ్చట 1964 నాటిది. ఇటలీ మోటారు క్రీడాధికారులతో తగువు పడిన ఎంజో ఫెరారీ, ఫార్ములా వన్ సీజన్ చివరి రెండు రేసుల్లో కార్లను తెలుపు, నీలం రంగుల్లో దింపారు. ఫెరారీ డ్రైవర్ జాన్ సర్టీస్ ప్రపంచ చాంపియన్ అయింది ఆ రంగుల్లోనే!