పాత పీటను ఇంటికి తెచ్చుకునేవాళ్ళకి

మా చుట్టాల పిల్లలు కొత్త ఫ్లాట్‌లో దిగగానే నన్ను అడిగే సామాను ఒకటుంది. "పెద్దమ్మా, మీ అటక మీద పాత పీటలేమైనా ఉన్నాయా?" అంటారు. సోఫా ముందు కాళ్ళు పెట్టుకోవడానికట. పాత సామాను మీద వాళ్ళకి మనసు పోయినందుకు నాకెంతో సంతోషం. అడిగినప్పుడల్లా వాళ్ళకి చెబుతూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. పీట చిన్నదే కావచ్చు, రోజూ ఒంటికి తగిలే సామాను. అందం తర్వాత, ముందు దాని ఎత్తూ కీళ్ళూ కర్రా చూడాలి.

1. ఏ పీట మీద కాలు పెట్టొచ్చో ముందు తేల్చుకోండి.

పెళ్ళిపీటల మీద, దేవుడి పీట మీద కాళ్ళు పెట్టకండి. పెళ్ళిపీటంటే ఒకరి అమ్మానాన్నలు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూగా కూర్చున్న పీట. మీకు పట్టింపు లేకపోయినా వచ్చిన పెద్దవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. ఇత్తడి పువ్వులు తాపిన పీట ఉంటే గోడ వారగా వేసి, దాని మీద పాత బిందో దీపపు సెమ్మెనో పెట్టండి, ఎంతో నిండుగా ఉంటుంది. భోజనాల పీటలకీ ముక్కాలిపీటలకీ ఈ అభ్యంతరం లేదు.

కాళ్ళ కింద పీట వేసుకోవడం మనకేం కొత్త కాదు. అమరావతి స్తూపం ఫలకాల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని చోట ఖాళీ సింహాసనం ఉంటుంది, కింద పాదపీఠం మీద పాదముద్రలు ఉంటాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళినప్పుడు అమరావతి శిల్పాల ముందు కాసేపు నిలబడండి. 1922లో ఈజిప్టులో బయటపడ్డ టుటన్‌ఖామన్ సమాధిలోనూ కాళ్ళపీటలు దొరికాయి. వాటి మీద శత్రువుల బొమ్మలున్నాయి, రాజు కాలు మోపితే వాళ్ళని తొక్కినట్టన్నమాట. పీట అదే, అక్కడ తొక్కడానికి, ఇక్కడ పూజకి. నాకు మన అమరావతి పద్ధతే నచ్చుతుంది.

2. కొనేముందు టేపు పెట్టి కొలవండి.

ఇప్పటి కుర్చీలూ సోఫాలూ సుమారు 16 నుంచి 18 అంగుళాల ఎత్తుంటాయి. మనలో పొట్టివాళ్ళకి అంత ఎత్తులో పాదాలు పూర్తిగా నేలకి ఆనవు. తొడ కింద కుర్చీ అంచు ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. నాలుగు నుంచి ఆరు అంగుళాల మన పీట అలాంటివాళ్ళకి చక్కగా సరిపోతుంది. బాలింత కుర్చీలో కూర్చుని పాలిచ్చేటప్పుడు పాదాల కింద పీట వేస్తే ఒడి పైకి లేస్తుంది, బిడ్డ మీదకి వంగి నడుం నొప్పి తెచ్చుకోనక్కర్లేదు.

కాళ్ళు బార చాపుకోవాలంటే పీట చాలదు. సీటుకి సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండే ఎత్తు బల్ల వెతుక్కోండి. పాదాలు వాచేవాళ్ళు మాత్రం ఏ పీటనీ నమ్ముకోకండి. వాపు తీయాలంటే కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండాలి, అది మంచం మీద దిండ్లతో అయ్యే పని. డాక్టరుకి చూపించుకోవడం ఎలాగూ తప్పదు.

3. తిరగేసి చూడండి.

హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో కొన్నా, కారైకుడి పాత సామాన్ల దుకాణాల్లో కొన్నా పై మెరుపు చూసి మురిసిపోకండి. పీట వయసు అడుగున తెలుస్తుంది. అడుగు చెక్కని ఎవరూ నున్నగా చేయరు. వేళ్ళతో తడిమితే చేత్తో చిత్రిక పట్టిన మెట్టపల్లాలు తగలాలి. అడ్డంగా విల్లు వంపులో గీతలుంటే అది రంపపు మిషనులో కోసిన చెక్క. నాలుగు కాళ్ళలో ఒకదాని రంగు తేడాగా ఉంటే అది తర్వాత వేసినది. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల్లో గాని రాలేదు. "నూరేళ్ళ పీటమ్మా" అని చెప్పిన దాంట్లో ఆ స్క్రూ కనిపించిందా, మధ్యలో బాగుచేసిందైనా అయ్యుండాలి, కొత్తగా చేసిందైనా అయ్యుండాలి. ఏదో అడిగి తెలుసుకుని అప్పుడు బేరమాడండి.

ఎదురెదురు మూలల్లోని కాళ్ళు పట్టుకుని ఊపి చూడండి. కాస్త కదిలితే భయం లేదు. పాత వడ్రంగులు కాలి కొనని చెక్కలోకి దూర్చి, సందులో కర్ర చీలిక బిగించేవారు. ఆ కీలు విప్పి, జిగురు పెట్టి మళ్ళీ బిగించొచ్చు. మేకు మాత్రం కొట్టనివ్వకండి. ఎండిన పాత కర్ర పీచు వెంబడి నిలువునా పగులుతుంది. అడుగున రంగుతో రాసిన పేరో సంవత్సరమో ఉంటే చెరిపించకండి, ఆ పీటకున్న కాగితం అదే.

4. పురుగుని ఇంటికి తెచ్చుకోకండి.

చేవ ఉన్న టేకుని పురుగు అంతగా ముట్టదు, చేవ లేని తెల్ల భాగాన్ని తొలిచేస్తుంది. గుండుసూది బెజ్జాలు కనిపిస్తే పీటని బ్రష్షుతో దులిపి, నల్ల కాగితం మీద కొన్నాళ్ళు ఉంచండి. కాగితం మీద ముఖానికి రాసుకునే పౌడరులాంటి పొడి మళ్ళీ రాలిందంటే లోపల పురుగు బతికే ఉంది. సంగతి తేలేదాకా పీటని మీ సోఫాకీ తలుపులకీ దూరంగా పెట్టండి. పొడి రాలకపోతే అవి పాత బెజ్జాలే, వాటి వల్ల నష్టం లేదు.

5. ఉప్పు కాగితం జోలికి తొందరపడి పోవద్దు.

వడ్రంగి రాగానే "గీకి కొత్తదానిలా చేస్తానమ్మా" అంటాడు. వద్దనండి. ఏళ్ళ తరబడి మనుషులు కూర్చుని, తుడిచి తెచ్చిన నునుపు ఒక్క పూటలో పోతుంది. పాత పాలిష్ చాలావరకు లక్కని స్పిరిట్‌లో కరిగించి వేసేవారు. మరుగున ఒక మూల దూదితో రవ్వంత స్పిరిట్ అద్ది చూడండి. జిగటగా కరిగితే అది లక్క పాలిషే. గీకాల్సిన పని లేకుండా, పైన మళ్ళీ అదే పాలిష్ పల్చగా వేయించుకోవచ్చు. దాని మీద వేడి కాఫీ గ్లాసు పెడితే మాత్రం తెల్లటి వలయం పడుతుంది.

రంగు వేసిన పీటైతే ఇంకా జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. ఆ రంగుని పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లల మెదడుకి చేటు. పెచ్చులు రాలే పీట పాకే బిడ్డ ఉన్న ఇంట్లో వద్దేవద్దు.

6. మెత్త ఉన్న పీటైతే పాత గుడ్డ చింపకండి.

దొరల కాలపు కాళ్ళపీటల్లో గుర్రపు వెంట్రుకలో కొబ్బరిపీచో కూరేవారు. ఫోము వచ్చింది ఆ తర్వాతే. పైన చేతికుట్టు గుడ్డ ఉంటే దాన్ని అలాగే ఉంచి, మీదుగా కొత్త గలీబు తొడగండి.

7. నడిచే దారిలో పెట్టకండి.

ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదు, మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలని పట్టుకునే ఉంటాయి. కానీ బరువు ఒక వారకి పడితే బోర్లా పడుతుంది. దాని మీదెక్కి అటక సర్దకండి. రాత్రి పడుకునేముందు ఏ పీటనైనా సోఫా కిందికి తోసేయండి. చీకట్లో బాత్రూముకి లేచే పెద్దవాళ్ళ కాలికి తగిలేది అదే.

8. అమెరికాకి తీసుకెళ్ళాలనుకుంటే.

తాతగారి చెక్కడపు పీట కదా అని పెట్టెలో పెట్టేయకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన పనితనపు వస్తువుని ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ నుంచి ఆ మేరకు సర్టిఫికెట్ తీసుకోండి. జిట్రేగి, అదే రోజ్‌వుడ్ పీటకైతే అంతర్జాతీయ నిబంధనలు వేరే ఉన్నాయి. ఇంత తిరగలేమంటే పాతదాన్ని ఇక్కడ వాడుకునే అక్కకో చెల్లికో ఇచ్చేసి, దాని కొలతలూ ఫోటోలూ వడ్రంగికిచ్చి టేకుతో అలాంటిదే చేయించుకోండి. బిల్లు మీద "కొత్తది" అని తారీఖుతో రాయించి, ప్రయాణంలో దగ్గర పెట్టుకోండి.