నత్రజని మూడు ముళ్ళు

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక తల దించుకున్నాను. దాళ్వా వరికి యూరియా కోసం పొద్దున్నుంచీ వరుసలో నిలబడి రెండు బస్తాలు తెచ్చాడాయన. నేనూరుకోక, "గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే నాన్నా, యూరియా వేసేదీ దానికోసమే" అన్నాను. "అయితే మన చేలో గాలి వీయటం లేదట్రా?" అన్నాడు.

రసాయన బంధం మీద పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నవాణ్ణి. నాన్న అడిగింది కూడా బంధం గురించేనని తట్టింది మాత్రం తిరుగు ప్రయాణంలో, బస్సులో!

పరమాణువులు ఊరికే కలవవు. విడిగా ఉన్నప్పటికంటే కలిస్తే శక్తి తగ్గి స్థిమితం కలగాలి. చాలావాటికి బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు అమరితే ఆ స్థిమితం వస్తుంది. ఉదజనికి రెండే చాలు. ఉప్పులో సోడియం తన ఒక ఎలక్ట్రానును క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ధన, రుణ ఆవేశాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది అయానిక బంధం. రెండో దారి పొత్తు. చెరొక ఎలక్ట్రాను పెట్టి ఆ జతను ఇద్దరూ అనుభవించడం. 1916లో లూయిస్ చెప్పిన సంగతి ఇది. సమయోజనీయ బంధమంటే ఇదే. పొత్తు సేద్యం ఎరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

నత్రజనికి బయట ఐదు ఎలక్ట్రాన్లు, అంటే మూడు తక్కువ. అందుకని రెండు నత్రజనులు చెరి మూడు పెట్టి మూడు జతలు కట్టుకుంటాయి. మూడు ముళ్ళు పడ్డాయన్నమాట! 28 గ్రాముల నత్రజనిలో ఈ ముళ్ళు విప్పడానికి సుమారు 945 కిలోజౌళ్ళు కావాలి. ఆక్సిజన్ జంటల మోలుకు 498 చాలు. ఇంకో వింత. రెండు నత్రజనుల మధ్య ఒంటి ముడి బలం 160 ప్రాంతమే. మూడు ముళ్ళంటే మూడింతలు కావాలి గదా, దాదాపు ఆరింతలయింది! ఒంటి ముడిలో, పొత్తుకు రాని ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. త్రిబంధంలో అవి చెరో కొసన ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

వరి మొక్క ఈ ముళ్ళు విప్పలేదు. 1909లో హేబర్ విప్పి, ఉదజనితో కలిపి అమ్మోనియా చేసి చూపాడు. 1913లో జర్మనీలోని ఒప్పౌలో బాష్ దాన్ని కర్మాగారానికెక్కించాడు. ఇనుము ఉత్ప్రేరకం, 400 నుంచి 500 డిగ్రీల వేడి, సుమారు 200 వాతావరణాల ఒత్తిడి! ఆ అమ్మోనియా బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే యూరియా. అందులో నత్రజని ఒంటి ముళ్ళతోనే ఉంటుంది గనుక నేలలో త్వరగా విడివడి వేరుకందుతుంది. 45 కిలోల బస్తాలో నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువ. నాన్న డబ్బిచ్చింది నత్రజనికి కాదు, ముడి విప్పిన కూలికి.

ఆ కూలి లేకుండా విప్పేవీ ఉన్నాయి. వేరుశనగ, జీలుగ వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా మామూలు నేల వేడిలోనే ఆ పని చేస్తాయి. వాటి ఎంజైములోనూ ఇనుము ఉంది, తోడుగా మాలిబ్డినం. మా తాత జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నేవాడు.

ఉగాదికి వెళ్ళి ఇదంతా చెప్పాను. నాన్న చుట్ట ఆర్పి, "కాలవ పక్క అరెకరంలో జీలుగ చల్లుదాం. బస్తా తగ్గితే నీ చదువు నిజం" అన్నాడు.