పూలకుండీలో బ్యాటరీ

మా బాల్కనీలో మొక్క లేని పూలకుండీ ఒకటుంది. సగం దాకా ఎండు ఇసుక, పైన బోర్లించిన మట్టి మూకుడు. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా అమ్మ దాన్ని చూసి, "ఒరేయ్, ఇందులో ఓ తులసి మొక్కన్నా పెట్టొచ్చుగా?" అంటుంది. అది బ్యాటరీల చార్జింగ్ కోసమని చెబితే, "మా ఫోన్లకి లేని ఇసుక నీ బొమ్మ విమానానికెందుకురా?" అంది.

మంచి ప్రశ్నే అడిగింది. ఫోన్ బ్యాటరీ పక్కన చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. చార్జింగ్ ఎక్కువైనా, మరీ తక్కువకి దిగినా, తీగలు కలిసిపోయినా అది కరెంటు తెంచేస్తుంది. రిమోట్‌తో ఎగరేసే ఆర్‌సీ విమానాలకీ, సొంతంగా కట్టుకునే డ్రోన్లకీ వాడే లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లో సాధారణంగా ఆ బోర్డు ఉండదు. పెడితే బరువు, పైగా మోటార్లు లాగే కరెంటుకి అడ్డం. అందుకని అల్యూమినియం రేకు సంచుల్లో సెల్స్, వాటికి తీగలు, పైన ఒక ప్లాస్టిక్ తొడుగు, అంతే. బోర్డు చేయాల్సిన కాపలా మనమే కాయాలి.

ఆదివారం పొద్దున ఊరి బయట ఖాళీ లేఅవుట్‌లో విమానం ఎగరేసి వచ్చానంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. నా దగ్గరున్నవి అరచేతిలో పట్టే ప్యాక్‌లు. మీద 3ఎస్, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, 25సి అని ఉంటుంది. వరసగా కలిపిన మూడు సెల్స్ అన్నమాట. ఒక్కోటి పేరుకి 3.7 వోల్టులు, నిండితే 4.2, మూడూ కలిపి 12.6. చివరి 25సి అంటే 2.2 ఆంపియర్లకి 25 రెట్లు, అంటే 55 ఆంపియర్లు ఇవ్వగలదని అమ్మేవాడి మాట. ఆ మాటని సగానికి సగం నమ్మితే చాలు. అయినా ఇంట్లో గీజరు ప్లగ్గు 16 ఆంపియర్లేనని గుర్తుంటే, ఈ చిన్న పొట్లం మీద గౌరవం కలుగుతుంది.

దిగిన వెంటనే చార్జింగ్ పెట్టను. ప్యాక్ వెచ్చగా ఉంటుంది, గది వేడికి వచ్చేదాకా పక్కన పడుండాలి. ఈ సెల్స్‌ని మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలంటారు. చలి దేశాల వాళ్లు 0 గురించి బెంగపడతారు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం మన బాధ రెండో అంకెతో. ఎండాకాలం నేను తెల్లవారి ఆరింటికి చార్జ్ చేస్తాను.

చల్లారాక చూపూ, వేళ్లూ, ముక్కూ వాడాలి. పలకలా ఉండాల్సిన ప్యాక్ దిండులా మెత్తగా తగులుతోందంటే లోపల ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ చేరింది. ఉబ్బింది అంటాం దీన్ని. అలాంటిది చార్జర్ దగ్గరికి రాకూడదు. మూల నొక్కుకుపోయిందా, తొడుగు చిరిగి రేకు కనిపిస్తోందా, గోళ్లరంగు తుడిచే ద్రవంలాంటి తియ్యటి వాసన వస్తోందా చూసుకోవాలి. ఆ రోజు విమానం ముక్కు మీద కూలి ఉంటే, పైకి దెబ్బ కనిపించకపోయినా ప్యాక్‌ని గంటసేపు ఆరుబయట నేల మీద ఉంచుతాను. లోపలి పొరలు నలిగితే నిప్పు అప్పటికప్పుడే రావాలని లేదు.

తర్వాత మూడు సెల్స్ వోల్టేజీ విడివిడిగా చూడాలి. ఒక్కో సెల్ నుంచీ విడిగా తీగ వచ్చే బ్యాలెన్స్ లీడ్‌కి తగిలించే చిన్న చెకర్ చాలు. ఒక్కోటి 3.7 అటూ ఇటూ ఉంటే సరిగ్గా ఎగరేసినట్టు. మూడింటి మధ్య తేడా 0.05 లోపుంటే నిశ్చింత. ఒక సెల్ మిగతావాటికన్నా 0.2 వెనకబడితే దాన్ని అనుమానించాలి. ఏ సెల్ అయినా, లోడ్ లేకుండా కూడా, 3 వోల్టుల కిందకి పడి ఉంటే ఆ ప్యాక్ ప్రయాణం అక్కడితో ఆపడం మంచిది. అలాంటి చచ్చిన ప్యాక్‌ని చార్జర్‌లో నికెల్ బ్యాటరీ మోడ్ పెట్టి లేపే చిట్కా ఒకటి వీడియోల్లో తిరుగుతుంటుంది. మరీ అడుక్కి దిగిన సెల్‌లో ఆనోడ్ వెనకుండే రాగి రేకు కరుగుతుంది. మళ్లీ చార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్‌కి దారి వేస్తుంది. వెయ్యి, పదిహేను వందల ప్యాక్ కోసం ఇల్లు పందెం కాయడం నాకు లెక్క కుదరలేదు.

ఇక చోటు. పడకగది సరే, ఎవరూ పెట్టుకోరనుకుంటాను. మెట్ల కింద పాత పేపర్లు, చెప్పులు ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో వంటింటి వెనక యుటిలిటీ బాగుంటుందని అనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో గ్యాస్ సిలిండర్ ఉండేది అక్కడే. ఇంటికి ఒకే ద్వారం ఉంటే, మనకీ ఆ ద్వారానికీ మధ్య కూడా పెట్టకూడదు. అంటుకుంటే పారిపోయే దారి అదే కదా. అన్నీ తీసేస్తే నాకు మిగిలింది బాల్కనీ. ఎండ నేరుగా పడని మూల, టైల్స్ నేల, దగ్గర్లో కర్టెన్ లేదు, బట్టలారేసే తీగని రెండో వైపుకి మార్చాం.

కుండీ ఎందుకంటే మట్టి అంటుకోదు, కరెంటు పారనివ్వదు, వేడికి తొందరగా లొంగదు. ఇనప పెట్టెలూ వాడతారు గానీ, రంగు గీసుకుపోయిన చోట కనెక్టర్ తగిలితే అదో షార్ట్. ఇసుకని డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి పోశాను. పైన మూకుడు వదులుగా ఉండాలి. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టడం అన్నింటికన్నా పెద్ద తప్పు. సెల్ పగిలితే బోలెడు గ్యాస్ ఒక్కసారిగా వస్తుంది, దారి లేకపోతే ఆ డబ్బా విజిల్ మూసుకుపోయిన కుక్కరే. ఫైబర్‌గ్లాస్ గుడ్డతో కుట్టిన లైపో సంచులు అమ్ముతారు. అవి మంట జోరు కొంత తగ్గిస్తాయేమో గానీ పొగని ఆపలేవు. నేను సంచిలో పెట్టి కుండీలో పెడతాను. చార్జర్ మాత్రం కుండీ బయట, టైల్ మీద, తీగ అందినంత దూరంలో.

తగిలించే వరస ముఖ్యం. చార్జింగ్ తీగకి ఒక కొసన రెండు బనానా ప్లగ్గులు, రెండో కొసన బ్యాటరీ కనెక్టర్ ఉంటాయి. ముందు బనానా ప్లగ్గులు చార్జర్‌లో పెట్టి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించాలి. తలకిందులుగా చేస్తే ఆ రెండు ప్లగ్గులూ కరెంటుతో బయట వేలాడుతుంటాయి. ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు, కళ్ల ముందే మెరుపు. విప్పేటప్పుడు ముందు బ్యాటరీ. బ్యాలెన్స్ లీడ్ కూడా ప్రతిసారీ పెట్టాల్సిందే. అది లేకపోతే చార్జర్‌కి మొత్తం 12.6 మాత్రమే కనబడుతుంది. అందులో ఒక సెల్ 4.0 దగ్గరా, ఇంకోటి 4.4 దగ్గరా ఉన్నా దానికి తెలీదు.

ఇప్పుడు చార్జర్ మెనూ. నా ఎరికలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ అర నిమిషంలోనే. బ్యాటరీ రకం లైపో అని ఉందా? సెల్స్ సంఖ్య మూడేనా? పొరపాటున 4ఎస్ పెట్టి బ్యాలెన్స్ లేకుండా చార్జ్ చేస్తే చార్జర్ 16.8 దాకా తోస్తుంది, అంటే సెల్‌కి 5.6. స్టార్ట్ నొక్కాక చాలా చార్జర్లు మనం పెట్టిన సంఖ్యనీ, అవి లెక్కపెట్టిన సంఖ్యనీ పక్కపక్కన చూపి ఖాయం చేయమంటాయి. చెయ్యి అలవాటు కొద్దీ నొక్కేస్తుంది. నేను రెండు అంకెలూ పైకి చదివి నొక్కుతాను, పక్కింటివాళ్లు ఏమనుకున్నా సరే. కరెంటు 1సి, అంటే 2200కి 2.2 ఆంపియర్లు. లేబుల్ మీద 5సి చార్జింగ్ అని ఉన్నా నాకంత తొందర లేదు. సేఫ్టీ టైమర్ 90 నిమిషాలు, కెపాసిటీ పరిమితి 2400 పెడతాను. 2200 పట్టే దాంట్లోకి అంతకన్నా ఎక్కువ వెళ్తోందంటే అది ఎక్కడికో వృథాగా, వేడిగా పోతోందన్నమాట.

బిందె సగం నిండేదాకా కొళాయి పూర్తిగా తిప్పుతాం, అంచుకొస్తుంటే సన్నగా తిప్పుతాం. చార్జర్ చేసేదీ అదే. సెల్ 4.2 చేరేదాకా ఒకే కరెంటు, ఆ తర్వాత వోల్టేజీని అక్కడే నిలిపి కరెంటు తగ్గించుకుంటూ పోవడం. మొత్తం గంట పైన పడుతుంది.

ఈ 4.2 దగ్గర ఎందుకంత పట్టుదల? 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ చేసిన లిథియం బ్యాటరీలో ఒక వైపు అచ్చమైన లిథియం లోహమే ఉండేది. శక్తి బాగానే ఇచ్చేది, పేలే గుణమూ ఉండేది. 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్ కనిపెట్టాడు. 1985లో అకిరా యోషినో లోహాన్ని తీసేసి ఆ వైపు కార్బన్ పెట్టాడు, లిథియం అయాన్లు అందులోకి దూరి కూర్చుంటాయి. 1991లో సోనీ ఆ దారిలోనే బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది, 2019లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. 4.2 దాటించి తోస్తే అయాన్లకి కార్బన్‌లో చోటు చాలక బయటే లోహంగా పేరుకుంటాయి. యోషినో తీసేసిన దాన్ని మన బాల్కనీలో మనమే మళ్లీ తయారుచేస్తామన్నమాట. అటు కాథోడ్ నిలకడ తప్పి, వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది. లోపలే ఆక్సిజన్ ఉన్న మంట, గాలి ఆడకుండా దుప్పటి కప్పితే ఆరేది కాదు.

చార్జింగ్ అవుతున్నంతసేపూ ఇంట్లో, మెలకువగా, చూపుకి అందేలా ఉంటాను. పేపరు చదువుకోవచ్చు, స్నానానికి వెళ్లకూడదు. మధ్యలో ఒకటి రెండుసార్లు ప్యాక్ మీద వేలు పెట్టి చూస్తాను. 1సి దగ్గర వెచ్చదనం దాదాపు తెలియకూడదు. కరెంటు పోయి వస్తే చార్జర్ మొదటి స్క్రీన్‌కి వచ్చి ఆగుతుంది. అప్పుడు సెట్టింగులన్నీ మళ్లీ చదవాల్సిందే. నాలుగైదు ప్యాక్‌లని బోర్డు మీద సమాంతరంగా కలిపి ఒకేసారి చార్జ్ చేసేవాళ్లున్నారు. వోల్టేజీల్లో తేడా ఉన్న రెండింటిని కలిపితే నిండుది ఖాళీదాన్లోకి అదుపు లేకుండా పోస్తుంది. నాకు ఆదివారాలు తీరికే, ఒక్కొక్కటే పెడతాను.

ఒకవేళ పొగ మొదలైతే? ముందు గోడ స్విచ్ ఆపాలి. ప్యాక్‌ని చేత్తో పట్టుకుని విసిరేయబోకూడదు. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి విషం, కాబట్టి బాల్కనీ తలుపు మూసి ఇంట్లోవాళ్లని దూరం పంపాలి. కుండీ పక్కన ఇంకో బకెట్‌లో ఇసుక ఉంచాను, మంట పక్కకి పాకకుండా. లిథియం అంటే నీళ్లు పోయకూడదని స్కూల్లో చదివింది లోహం గురించి. ఈ ప్యాక్‌ల మంటకి, మెయిన్ ఆపాక, నీళ్లు ధారాళంగా పోయడమే చల్లార్చే దారి. ఆరినట్టే ఉండి మళ్లీ అంటుకోగలదు. చెయ్యి దాటేలా ఉంటే 101.

చార్జింగ్ కన్నా మా మిత్రులంతా నిర్లక్ష్యం చేసేది దాచడాన్ని. వచ్చే ఆదివారానికని ఈ ఆదివారమే నిండా చార్జ్ చేసి పెట్టుకుంటారు. ఆ ఆదివారం వాన పడుతుంది, తర్వాతది పెళ్లి, ప్యాక్ నెల రోజులు 4.2 దగ్గర కూర్చుంటుంది. ఉబ్బడానికి అంతకన్నా దగ్గరిదారి లేదు. దాచాల్సింది సెల్‌కి 3.80 నుంచి 3.85 మధ్య, 3ఎస్‌కి దాదాపు 11.5 వోల్టులు. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఉంటుంది. తక్కువుంటే నింపుతుంది, ఎక్కువుంటే దించుతుంది. దించడం మాత్రం నత్తనడక. చిన్న చార్జర్లు 5 వాట్ల చొప్పున దించుతాయి, నిండు 2200 ప్యాక్‌కి రెండున్నర గంటలు పట్టొచ్చు. అందుకే ఎగరేసే రోజు పొద్దునే చార్జ్ చేయడం, వచ్చి చల్లారాక స్టోరేజ్‌కి తేవడం నా పద్ధతి.

ఒక సంక్రాంతికి స్టోరేజ్ చేసి, వోల్టేజీ చూసి, చెకర్ తీయడం మరచి ఊరెళ్లాను. అది కూడా ఆ ప్యాక్ నుంచే కొద్దికొద్దిగా తాగుతుంది. కనుమ నాడు వాచ్‌మన్ ఫోన్: "సార్, మీ ఇంట్లో ఏదో కీచుమంటోంది, తెల్లవారుజాము నుంచి ఆగట్లేదు." సెల్ తక్కువకి దిగితే మోగే బజర్ అది. నేను తిరిగొచ్చేసరికి బజరూ మూగబోయింది, ప్యాకూ పోయింది.

ఇప్పుడు నా ప్యాక్‌లన్నీ చిల్లులు వేసిన రేకు డబ్బాలో, అడుగున టైల్ ముక్క, ఒక్కోదాని మధ్య ఇంకో టైల్ ముక్క, కనెక్టర్లకి తొడుగులతో, నేల మీద చల్లని మూలన ఉంటాయి. అటక మీద వద్దు, ఎండాకాలం పైకప్పు కింద అది పొయ్యే. బట్టలూ కాగితాలూ ఉండే బీరువా అసలే వద్దు. ఎండలో నిలిపిన కారు డిక్కీ అన్నింటికన్నా చెడ్డది. నెలకోసారి తీసి వోల్టేజీ చూసి, నోట్‌బుక్‌లో ప్యాక్ నంబరు, తేదీ, సెల్స్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ రాస్తాను. కొత్తలో రాసిన మిల్లీఓమ్‌లు రెట్టింపయితే దాని రోజులు దగ్గరపడ్డట్టు.

పోయిన నెల 3వ నంబరుకి అలాగే అయింది, పైగా కొంచెం ఉబ్బు. చెత్త బండిలో వేయకూడదు, లారీ లోపల నలిగితే అంటుకుంటుంది. ఉప్పునీళ్లలో ముంచమని చాలామంది చెబుతారు గానీ, ఆ నీళ్లు కనెక్టర్‌ని తినేసి, సెల్‌లో సగం కరెంటు అలాగే మిగలొచ్చు. నేను బైకు ఇండికేటర్‌కి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుకి తీగలు అతికి పెట్టుకున్నాను. కుండీలో ప్యాక్, బయట బల్బు. అది రెండు ఆంపియర్లకి కాస్త తక్కువ లాగుతుంది. గంటలో వెలుగు ఎర్రబడి, తర్వాత మసకబారి ఆరింది. ఆరగానే విప్పకూడదు, వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది. మర్నాటి సాయంత్రం దాకా అలాగే వదిలేసి మీటరు పెడితే దాదాపు సున్నా. నలిగిపోయినవీ, వాసన వచ్చేవీ మాత్రం ఈ పని కూడా చేయకుండా ఇసుకలో ఆరుబయట ఉంచాలి.

ఆ తర్వాత కనెక్టర్ కోశాను. ముందు ఎర్ర తీగ, దానికి టేపు చుట్టాకే నల్ల తీగ. రెండూ ఒకే కత్తెర దెబ్బకి కోస్తే కత్తెరే షార్ట్ అవుతుంది. పొట్లం మీద 'ఖాళీ' అని రాసి, తేదీ వేసి, ఈ-వేస్ట్ సేకరించే చోట ఇవ్వాల్సిన వాటి డబ్బాలో పడేశాను. అందులో అప్పటికే రెండున్నాయి.