పాలు పొంగుతున్నట్టు పరుగెత్తకు

పేరైతే ఇచ్చేశావు చెల్లీ. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, అదీ మొదటిసారి ఫుల్లు, 42.195 కిలోమీటర్లు. టీషర్టు సైజు కూడా రాసిచ్చావు గనక ఇక వెనక్కి తగ్గేది లేదులే. నీ నిద్ర పాడుచేస్తున్నది అసలు రోజు కాదని నాకు తెలుసు. దానికి మూడు వారాల ముందు ప్లాన్‌లో తిష్ఠ వేసుకుని కూర్చుందే ఓ ఆదివారం, 30 నుంచి 32 కిలోమీటర్ల లాంగ్ రన్, అదీ నీ గుండెలో రాయి. రా, దాని సంగతి మాట్లాడుకుందాం.

మనకి దూరం అంత కష్టం కాదు, నెమ్మది కష్టం. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు జడ అయిపోవాలి, స్కూల్ బస్సు హారన్ కొట్టేలోపు డబ్బాలు సర్దేయాలి. వారమంతా ఇదే వరస. ఆ హడావిడినే రోడ్డు మీదకీ తీసుకొస్తాం. ‘ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి, అందరూ టిఫిన్ కోసం చూస్తుంటారు’ అనుకుంటూ మొదటి పది కిలోమీటర్లు దంచేస్తాం. లాంగ్ రన్ చెడేది అక్కడే.

ఎందుకో చెప్తా విను. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది. అంటే ఇంచుమించు 2000 కేలరీలు. 60 కిలోల మనిషికి కిలోమీటరుకి దాదాపు 60 కేలరీలు ఖర్చు. లెక్క నువ్వే వేసుకో, 30 దాటేసరికి డబ్బా అడుగు కనిపిస్తుంది. పరుగువాళ్లు ‘వాల్’ అని భయపడేది దానికే. వేగం పెంచేకొద్దీ శరీరం గ్లైకోజెన్‌నే ఎక్కువ లాగేస్తుంది, నెమ్మదిగా వెళ్తే కొవ్వు కూడా ఓ చెయ్యి వేస్తుంది. వాచీ చూడక్కర్లేదు. మీ ఆడపడుచు పెళ్లి ముచ్చట మొదలుపెట్టి ఆయాసపడకుండా చివరిదాకా చెప్పగలిగితే, అదే నీ వేగం.

నెక్లెస్ రోడ్డు చదును చూసి మాత్రం మోసపోకు. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే దారి మారథాన్‌ది. మధ్యలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, పైగా ఆగస్టు ఉక్క. కాబట్టి ఆ ఆదివారమంతా హుస్సేన్‌సాగర్ ఒడ్డునే తిప్పేయకుండా కొంత దూరమైనా కేబీఆర్ పార్కు బయటి బాట మీద పెట్టుకో. ఎక్కుడు వస్తే నడువు. నడిస్తే పరువేం పోదు.

‘ఆడదానికి అంత దూరం ఎందుకే’ అని ఎవరో ఒకరు అంటారుగా? వాళ్లకి క్యాథరీన్ స్విట్జర్ కథ చెప్పు. అమెరికాలో సిరక్యూస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్ల. ఆర్నీ బ్రిగ్స్ అని అక్కడే ఉత్తరాలు పంచే పెద్దాయన ఆమెతో పరుగెత్తేవాడు. ఆడవాళ్లు మారథాన్ చేయలేరని ఆయన గట్టి నమ్మకం, ప్రాక్టీసులో ఆ దూరం చేసి చూపిస్తే బోస్టన్ మారథాన్‌కి తీసుకెళ్తానన్నాడు. సరిగ్గా మూడు వారాల ముందు ఇద్దరూ 26 మైళ్లూ పూర్తిచేశారు. ఇంకో ఐదు మైళ్లు వేద్దామంది ఈవిడ! మొత్తం 31 మైళ్లు, అంటే మన లెక్కలో 50 కిలోమీటర్లు. ఆఖర్న స్పృహ తప్పి పడిపోయింది ఆవిడ కాదు, ఆయన. 1967లో బోస్టన్‌లో ఓ నిర్వాహకుడు మీదపడి ఆమె నంబరు లాగేయబోయినా, పరుగు పూర్తిచేసే ఆగింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది, చూడు మరి.

కథ బాగుంది కదా అని నువ్వు 50 చేయకు తల్లీ. 32 దాటి చేస్తే ఒళ్లు కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ, కలిసొచ్చేది తక్కువ.

ఇక పొట్ట సంగతి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓ మాదిరి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఆకలేసేదాకా ఆగకు, ముప్పావుగంట నుంచే కొంచెం కొంచెం మొదలుపెట్టు. ఖర్జూరమా, జెల్లా, నీ పొట్టకి ఏది పడుతుందో తేల్చుకునే రోజు ఇదే. నీళ్లు మాత్రం దాహానికి సరిపడా తాగు, భయంతో లీటర్లు పట్టించకు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. వెళ్లేముందోసారి, వచ్చాకోసారి బరువు చూసుకో. పెరిగితే ఎక్కువ తాగావన్నమాట.

మగవాళ్లు రాసే ప్లాన్లలో కనిపించని సంగతులు కొన్నున్నాయి. మంగళసూత్రం గొలుసు చెమటకి తడిసి మెడ వెనక ఒరుసుకుంటుంది, ఇంటికొచ్చి నీళ్లు పోసుకునేదాకా ఆ మంట తెలియదు. తీసి పెట్టెలో పెట్టు, ఎవరేమన్నా సరే. స్పోర్ట్స్ బ్రా అంచు కింద, తొడల మధ్య వ్యాజిలీన్ దట్టంగా రాయి. దారిలో ఏ పెట్రోల్ బంకులో బాత్రూమ్ తాళం తీసి ఉంటుందో ముందే చూసిపెట్టుకో. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడువు. నెలసరి అదే ఆదివారం వచ్చేట్టుంటే లాంగ్ రన్‌నే వారం ముందుకో వెనక్కో జరుపుకో, మాత్రలేసి వాయిదా వేసే పని డాక్టర్ని అడక్కుండా పెట్టుకోకు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తే అలవాటూ వద్దు, మూత్రపిండాలకి చేటు. ఈ నెలలోనే హిమోగ్లోబిన్ చూపించుకో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నీ నీరసానికి ప్రాక్టీసు తక్కువవడమే కారణమని ఎందుకనుకోవాలి?

చీకటితో బయల్దేరినా నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా పైనే పడుతుంది. ఇంటికొచ్చాక అన్నం, పెరుగు, ఓ గుడ్డో పప్పో తిని పడుకోవాలి. ఆ మధ్యాహ్నం వంట ఎవరిదో శనివారమే తేల్చెయ్. ‘నేనే వచ్చి చేసేస్తాలే’ అన్నావో, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కూరగాయలు తరగడం మొదలుపెడతావు.