మహాడ్ చెరువు నేర్పిన పాఠం



ఏటా ఏప్రిల్ 14న బాబాసాహెబ్ అంబేద్కర్ పటానికి పూలమాల వేస్తాం. కాని ఆయన ఒక సత్యాగ్రహాన్ని కోర్టు ఉత్తర్వు కారణంగా వాయిదా వేశారన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? శాంతియుత నిరసన అంటే ఏమిటో తెలియాలంటే ఆ చరిత్ర చదవాలి.

ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా చవదార్ చెరువు విషయంలో అందుకు ఒప్పుకుంది. అయినా ఆ మాట కాగితం మీదే మిగిలింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాదిమందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తరువాత వారిపై దాడి జరిగింది. అయినా ఆయన తిరిగి కొట్టనివ్వలేదు.

మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. డిసెంబరులో మళ్ళీ సత్యాగ్రహం తలపెట్టగా, కొందరు అగ్రవర్ణాలవారు సివిల్ కోర్టు నుంచి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చారు. వచ్చినవారు జైలుకైనా సిద్ధమన్నారు. అంబేద్కర్ చెరువు నీళ్ళు ముట్టడం మాత్రమే వాయిదా వేశారు. సభ జరిగింది, ఊరేగింపు జరిగింది, డిసెంబరు 25న మనుస్మృతి దహనం జరిగింది. ఉత్తర్వు దేన్ని ఆపిందో దాన్నే ఆపారు, మిగతా హక్కులు వదులుకోలేదు. కోర్టులో పోరాడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు.

రాజ్యాంగం ఏమంటుంది?

19వ అధికరణం పౌరులకు భావప్రకటన స్వేచ్ఛనూ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కునూ ఇచ్చింది. వాటికి పరిమితులు విధించవచ్చు, కాని అవి సహేతుకంగా ఉండాలి. ప్రభుత్వాన్ని విమర్శించినంత మాత్రాన రాజద్రోహం కాదని, హింసకో అల్లర్లకో పురికొల్పితేనే నేరమని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మనం తరచూ వినే 144వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్ వచ్చింది. దాని కింద ఇచ్చే ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. న్యాయమైన అభిప్రాయాన్నీ, ఫిర్యాదునూ అణచడానికి 144ను వాడరాదని, ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి నిషేధం అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: ఉత్తర్వు రాతలో ఉందా? కారణం ఏమిటి? ఎప్పటివరకు?

ఒక మాట మరువరాదు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహాన్నీ విడిచిపెట్టాలని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కరే అన్నారు. అందుకే ముందు అర్జీ రాయండి, నకలు దాచుకోండి, జవాబు అడగండి. అన్నం బాగాలేదన్నా, స్కాలర్‌షిప్ రాలేదన్నా పదిమంది సంతకాలతో శాంతిగా అడగడం తప్పు కాదు. రాయి విసిరితే మన ప్రశ్న పక్కకు పోతుంది, రాయి సంగతే కేసు అవుతుంది. చదువుకున్నవారిగా మనకు నోరూ ఉంది, కలమూ ఉంది. రెండింటినీ వాడుదాం.