పొట్టి గుర్రం – గట్టి వంశం: ‘డయోల్ స్టార్‌లైట్’ జీవితగాథ

పొట్టి గుర్రాన్ని మన నిఘంటువులు ‘తట్టువ’ అన్నవి. ఉర్దూలో దానినే ‘టట్టూ’ అంటారు. డబ్బుకు లొంగి పరుల పని చేసేవానిని ‘భాడే కా టట్టూ’ అని ఎగతాళి చేయడం మన విద్యార్థులు ఎరిగినదే. ఎత్తు తక్కువైన జంతువుకు లోకం కట్టిన విలువ ఈ ఒక్క నానుడిలోనే తెలుస్తున్నది. అటువంటి జాతిలో పుట్టి, ప్రదర్శనశాలలలో జేజేలందుకొని, ఒక వంశానికే మూలపురుషుడనిపించుకొన్న అశ్వం ‘డయోల్ స్టార్‌లైట్’. దాని చరిత్రను స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటన్ దేశంలో పడమటి భాగమైన వేల్స్ కొండల నిలయం. ఆ కొండలపై వానలకూ మంచుకూ ఓర్చి, దొరికిన గడ్డితో బ్రతికే పొట్టి గుర్రాలు తరతరాలుగా ఉన్నవి. గుర్రం ఎత్తును ‘హ్యాండు’లలో కొలుస్తారు. ఒక హ్యాండు 4 అంగుళాలు. వేల్స్ కొండ పొనీ 12 హ్యాండులు, అనగా 4 అడుగులు మించరాదు. యుద్ధానికి పెద్ద గుర్రాలు కావలెనని 16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం ఒక శాసనం చేసింది. కొన్ని జిల్లాలలో పొట్టి మగగుర్రాలను ఉమ్మడి మేతబీళ్ళపై వదలరాదని దాని సారాంశం. తరువాతి కాలంలో ఈ జాతిలో ఎన్నో జీవాలు బొగ్గు గనుల చీకటిలో బండ్లు లాగినవి. రాజు వద్దన్న జాతి, గని మింగిన జాతి ఇది.

ఈ జాతిలోని అందాన్ని గుర్తించినవారిలో కార్మార్థెన్‌షైర్‌కు చెందిన హోవర్డ్ మ్యూరిక్ లాయిడ్ ముఖ్యుడు. ఆంగ్లంలో తన ఇంటిపేరులోని అక్షరాలను వెనుకనుండి ముందుకు వ్రాసి ‘డయోల్’ అనే ముద్ర కల్పించి, తన గుర్రాల పేర్లకు ముందు చేర్చినాడు. 1894లో ఆయన పెంపకంలో స్టార్‌లైట్ జన్మించింది. తండ్రి డయోల్ గ్లాసాల్ట్, తల్లి మూన్‌లైట్. వెన్నెలకు చుక్కవెలుగు పుట్టిందన్నమాట! విశాలమైన నుదురు, పెద్ద కన్నులు, చిన్న చెవులు, కొద్దిగా లోనికి వంగిన ముఖరేఖ – చూచినవారికి అరబ్బీ అశ్వం స్ఫురించేది. బూడిద వన్నె గుర్రాలు పుట్టినప్పుడు ముదురు రంగున ఉండి, ఏండ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. స్టార్‌లైట్ ధవళకాంతి అట్టిదే.

గుర్రపు ప్రదర్శన అనగా పరుగు పందెం కాదు. రౌతు ఎక్కడు. కళ్ళెం పట్టి నడిపిస్తాడు. న్యాయనిర్ణేత దాని నిలకడను, కాళ్ళ పొందికను, మెడ ఎత్తిన తీరును, దుడుకు నడకలోని సూటిదనాన్ని పరీక్షిస్తాడు. ఈ పరీక్షలలో స్టార్‌లైట్ పలుమార్లు విజేతగా నిలిచి, కొండ పొనీ ఎట్లుండవలెనో చూపే కొలబద్ద అయింది.

అయితే బహుమతి ఆ పూటతో సరి. నిలిచేది వంశం. 1901లో వెల్ష్ పొనీ అండ్ కాబ్ సొసైటీ ఏర్పడి, మరుసటి సంవత్సరం వంశావళి గ్రంథం తొలి సంపుటం వెలువరించింది. అందులో స్టార్‌లైట్ సంఖ్య 4. దాని కుమారుడు గ్రేలైట్ 1911లో వేయి గినీలకు ఆస్ట్రేలియాకు తరలి, అక్కడి పొనీ జాతికి పునాదులలో ఒకటయింది. మరొక కుమారుడు బ్లెడ్ఫా షూటింగ్ స్టార్ కూడా ప్రసిద్ధి కెక్కింది. మేలుజాతిని కాపాడే ప్రయత్నానికి 1908 నాటి చట్టమూ తోడ్పడింది. నాసిరకపు మగగుర్రాలను ఉమ్మడి బీళ్ళనుండి తొలగించే వీలు అది కల్పించింది. ఒకనాటి శాసనం పొట్టిదనాన్ని నేరంగా ఎంచింది. ఈనాటిది పొట్టిజాతిలోని గుణాన్ని కాపాడింది. చూచే కన్ను మారితే చట్టమూ మారుతుంది.

వార్ధక్యంలో స్టార్‌లైట్ లేడీ వెంట్‌వర్త్ చేతికి వచ్చింది. అరబ్బీ గుర్రాలకు పేరొందిన క్రాబెట్ అశ్వశాలకు ఆమె అధిపతి. ఆమె తండ్రి విల్‌ఫ్రిడ్ బ్లంట్ 1883–84లో భారతదేశం పర్యటించి, హైదరాబాదులో ముస్లిం విశ్వవిద్యాలయం నెలకొల్పవలెనని ప్రతిపాదించిన వ్యక్తి. ఆ విధంగా ఈ కథలోని ఒక దారం మన నగరాన్ని కూడా తాకుతున్నది. కాని ఆ ఇంట కూడా స్టార్‌లైట్‌కు శాశ్వత నివాసం దొరకలేదు. దానిని స్పెయిన్‌కు అమ్మివేశారు. 1929లో, 35 ఏండ్ల ముదిమిలో, పుట్టిన కొండలకు బహుదూరాన అది కన్నుమూసింది.

ఇక్కడ మనసు కలుక్కుమంటుంది. ఒక జాతికి కీర్తి తెచ్చిన జీవికి చివరి రోజులలో తన గడ్డపై పిడికెడు గడ్డి దక్కలేదు. పతకాలు లెక్కించేవారు పలువురు. పతకం తెచ్చినవానిని ముసలితనంలో తలచేవారు కొందరే. ఇది గుర్రాలకు మాత్రమే చెందిన సత్యం కాదు.

విద్యార్థులారా! ఎత్తును చూచి విలువ కట్టరాదన్నది స్టార్‌లైట్ జననం నేర్పిన పాఠం. మేలు చేసినవారిని మరువరాదన్నది దాని మరణం నేర్పిన పాఠం. మొదటిది మీ ఆత్మవిశ్వాసానికి, రెండవది మనందరి బాధ్యతకు సంబంధించినది. రెండూ గుర్తుంచుకొంటే ‘తట్టువ’ అన్న మాటను మనం చిన్నచూపుతో పలుకము.